మేలుకున్నట్టే అనుకుందాం

ఆఫీసులో ఆమెను అందరూ మోడలమ్మ అంటారు. ఆ పేరు విని ఏ పత్రిక అట్ట మీది అందగత్తెనో ఊహించుకుంటే పప్పులో కాలేసినట్టే. నలభై నాలుగేళ్ళ మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, మండువేసవిలో కూడా స్వెట్టరు, ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా ఉండే చేతులు. కొత్తగా చేరినవాళ్ళు కరచాలనం చేసి ఉలిక్కిపడితే, "నా రక్తం ఇంట్లో పెట్టి వస్తానండీ, ఇక్కడ తాగేవాళ్ళు ఎక్కువ" అంటుంది.

ఆమె పని చెవి మిషన్లలో పెట్టే చిప్పులకు మోడళ్ళు రాయడం. ఒక చిప్పులో లక్షల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. దాన్ని ఫ్యాక్టరీకి పంపి నిజంగా చేయించేముందు కంప్యూటర్లో నడిపి చూసుకోవాలి. అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు లెక్కగట్టమంటే కంప్యూటర్ రోజుల తరబడి మూలుగుతుంది. అందుకని చిప్పులో ఒక్కో భాగానికి బదులు నాలుగు వాక్యాల నకలు రాస్తారు. 'ఈ భాగం వచ్చిన శబ్దాన్ని ఇరవై రెట్లు చేస్తుంది' అన్నట్టు. ఆ నకలే మోడల్. నకలు రాసేవాళ్ళకు ఎంత తట్టిందో నకలులో అంతే ఉంటుంది. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, తరవాత నన్ను అనొద్దు.

ఆమెను ఈ పనిలోకి లాగింది ఆమె తమ్ముడు. నాలుగేళ్ళప్పుడు జ్వరమొచ్చి వాడి రెండు చెవులూ తీసుకుపోయింది. ఆ రోజుల్లో చెవి మిషనంటే ఛాతీకి కట్టుకునే ఓ పెట్టె, దాన్నుంచి చెవికో తీగ. ఒకరోజు అది గరగరలాడుతుంటే పదకొండేళ్ళ అక్క స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టె విప్పింది. లోపల ఏముందో చూసింది గానీ మళ్ళీ మూయడం చేతకాలేదు. తమ్ముడు నవ్వాడు, అక్క ఏడ్చింది. ఆ ఏడుపే చదువై, ఉద్యోగమై, ఇరవై రెండేళ్ళుగా అదే పెట్టెను తవ్వుకుంటూ కూర్చోబెట్టింది.

ఇప్పుడు వాడు టైలరు. కింద వాడి దుకాణం, పైన రెండు గదుల్లో ఇద్దరి కాపురం. ఇద్దరికీ పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎప్పుడో అలిసిపోయారు. వాడు తెల్లారకముందే కిందికి దిగి ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని, దుకాణంలోనే మిషను చెవిలో పెట్టుకుని, ముందురోజు కుట్టిన బట్టలన్నీ ఇస్త్రీ చేస్తాడు. ఆమె ఏడింటికి దిగేసరికి ఇద్దరికీ టీ కాచి ఉంచుతాడు. ఆమె మందలించడం మొదలుపెడితే మిషను తీసి జేబులో వేసుకుని, "ఇప్పుడు చెప్పక్కా, హాయిగా వింటాను" అంటాడు.

కొత్త చిప్పు సంగతి తెలిసినప్పట్నుంచి వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బఠాణీ గింజంత మిషను, వారానికో బటన్ బ్యాటరీ. అమ్మకానికి ముందు ఇరవై నాలుగు మంది చెవుల్లో పెట్టి చూస్తారు, ఆ జాబితాలో వాడి పేరుంది. కొలతలిచ్చిన ప్రతివాడికీ, "మా అక్క చిప్పు నా చెవిలోకి వస్తోంది, తెలుసా?" అని చెప్పేవాడు. నడుము కొలత ఒకటికి రెండుసార్లు తప్పు రాసుకున్నాడు కూడా.

ఆమెకు మాత్రం లోపల ఒకటే గుబులు. ఎవరి చెవిలో ఆగినా ఆగనీ, వాడి చెవిలో మాత్రం ఆగకూడదు. ఇలా కోరుకోవడం తప్పని తెలుసు. తెలిసే కోరుకుంది.

అలాంటి సమయంలో విభాగం పెద్ద ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయనకు ఆఫీసులో పేరు గడువుగారు. మంచివాడే, పండుముసలి తల్లిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు. కానీ నోరు తెరిస్తే తేదీ తప్ప మరోటి రాదు.

"మేడం, ఈసారి మొత్తం చిప్పును ఒక్కటిగా నడిపి చూడాలి. ముక్కలు ముక్కలుగా చూసి కిందటిసారి చేతులు కాల్చుకున్నాం. దానికి ఏ సాఫ్ట్‌వేరు మంచిదో మీరే తేల్చండి. ఆరు వారాలు."

"ఎనిమిది ఇవ్వండి సార్."

"ఆలస్యం అమృతం విషం, మేడం."

పోటీలో ఉన్నవి మూడు. వాటి అసలు పేర్లకు నోరు తిరగక ఆఫీసువాళ్ళు వేరే పేర్లు పెట్టుకున్నారు. మొదటిది పదేళ్ళుగా ఉన్న పాతది, నత్త. ప్రతి ట్రాన్సిస్టర్‌నీ పేరుపేరునా పలకరించి గానీ ముందుకు కదలదు. చిప్పు బతుకులో ఒక్క లిప్తపాటు చూపించడానికి దానికి పంతొమ్మిది రోజులు కావాలి. రెండోది గుర్రం. అది మోడళ్ళను తప్ప మరొకదాన్ని ముట్టదు, అదే పని నలభై నిమిషాల్లో ముగిస్తుంది. మూడోది గోడమీది పిల్లి. చిప్పులో మనం కోరిన భాగాన్ని అసలు ట్రాన్సిస్టర్లతో, మిగతావాటిని మోడళ్ళతో నడుపుతుంది. మూడు రోజులు పడుతుంది, పైగా మహా పేచీకోరు. అసలుకూ నకలుకూ మధ్య ప్రతి తీగకూ మనమే వంతెన కట్టాలి, ఒక్కటి తప్పినా అలిగి ఆగిపోతుంది.

మోడలమ్మ పద్ధతి గల మనిషి. పదహారు పరీక్షలు సిద్ధం చేసింది. వేగానికి ఇన్ని మార్కులు, జవాబు సరిగ్గా ఉన్నందుకు ఇన్ని, నేర్చుకోవడం సులువైతే ఇన్ని అని పట్టిక గీసింది. మనసులో ఆమెకు పిల్లి మీదే ఇష్టం. దాని అలకల వెనక ఏదో నిజాయితీ ఉందనిపించేది. కానీ తన ఇష్టాన్ని మార్కుల్లోకి రానిచ్చే రకం కాదు. గుర్రానికి ఎనభై ఏడు వచ్చాయి, పిల్లికి డెబ్బై ఒకటి. నివేదిక రాసి సంతకం పెట్టింది. గడువుగారు రెండు రోజులు ముందే అందిందని మురిసిపోయి అందరికీ సమోసాలు తెప్పించాడు. పిల్లిని తెచ్చిన కంపెనీవాళ్ళు తమ సాఫ్ట్‌వేరు తీసేసుకుని, తాళం వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు కొలతల గదిలోంచి ల్యాబ్ బాబాయి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా చిప్పుల నాడి పట్టి చూస్తున్న మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. ఆమె తెర మీద గుర్రం గీసిన గీతల్ని తల పక్కకు వంచి చూశాడు.

"అమ్మాయ్, ఈ గీత మొదట్నుంచీ పైనే ఉందేంటి?"

"అది రిఫరెన్సు బాబాయ్. ఎప్పుడూ పైనే ఉండాలి."

"ఉండాలి, సరే. పైకి ఎక్కింది ఎప్పుడు? ఎక్కడం నాకు ఎక్కడా కనపడలేదే?"

ఆమె మొదటి పరీక్ష ఫైలు తెరిచింది. పైన మొట్టమొదటి వాక్యం, తొమ్మిదేళ్ళ కిందట తన చేత్తో తాను రాసుకున్న గమనిక: 'మేలుకున్నట్టే అనుకుందాం.' రెండో ఫైలు తెరిచింది. అదే వాక్యం. పదహారింటిలోనూ అదే.

చిప్పులో రిఫరెన్సు అనే చిన్న భాగం ఒకటుంటుంది. ఒక వోల్టేజీని కొండగుర్తులా నిలబెట్టి ఉంచడమే దాని పని, మిగతావన్నీ దాన్ని చూసే నడుస్తాయి. దానితో వచ్చిన చిక్కేమిటంటే, సున్నా దగ్గర కూడా అది హాయిగా పడుకోగలదు. మిషను ఆన్ చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు తట్టి లేపాలి. ఆ తట్టడానికి పక్కనే ఇంకో బుల్లి సర్క్యూట్ ఉంటుంది. చలిలో దాని చెయ్యి బలహీనపడుతుంది. తొమ్మిదేళ్ళ కిందట నత్త ఒక్కటే ఉన్నప్పుడు, నిద్ర లేవడం కూడా లెక్కగట్టమంటే ఇంకో ఎనిమిది రోజులు పట్టేది. అందుకని చిప్పు అప్పటికే మేలుకుని ఉన్నట్టు రాసి అక్కణ్ణుంచి నడపడం మొదలుపెట్టారు. తరవాత వచ్చినవాళ్ళు ఆ ఫైలునే నకలు తీసుకుంటూ పోయారు. ఆఫీసులో అదే ఆచారమైపోయింది. తన మోడల్లో కూడా ఆమె అంతే రాసింది: కరెంటు రాగానే రిఫరెన్సు ఉంటుంది. లేవడమన్న మాటే లేదు.

అంటే ఆమె పెట్టింది గుర్రానికి పరీక్ష కాదు. తన మాట తనకు ఎవరు తొందరగా తిరిగి చెబుతారోనని పెట్టిన పోటీ.

వెంటనే రిఫరెన్సునొక్కదాన్నీ విడిగా నత్త మీద చలిలో నడిపింది. లేచింది. పదిసార్లు నడిపితే పదిసార్లూ లేచింది. ఆమె మాత్రం దాన్ని నమ్మలేదు. ఇంట్లో ఒక్కళ్ళే ఉన్నప్పుడు తెల్లారకముందే లేవడం ఎవరికైనా చేతనవుతుంది. కళ్ళు తెరవకముందే ఇంటిల్లిపాదీ మీద పడి పనులు చెబితేనే తెలుస్తుంది లేవగలమో లేదో. మిగతా భాగాలన్నీ ఒక్కసారిగా కరెంటు లాగుతుంటే అది లేస్తుందా అన్నది తెలియాలంటే మొత్తం చిప్పును నడపాలి. పిల్లి అయితే మూడు రోజుల్లో చెప్పేది. పిల్లికి తాళం పడింది.

గడువుగారి దగ్గరికి పరుగెత్తింది.

"సార్, పరీక్షలే తప్పు పెట్టాను. పిల్లిని ఒక్క వారం తెప్పించండి."

ఆయన నివేదిక తీసి చివరి పేజీ ఆమె వైపు తిప్పాడు. "ఇది ఎవరి సంతకం మేడం?"

"నాదే."

"డెబ్బై ఒక్క మార్కులు వేసింది?"

"నేనే."

"మరి పైవాళ్ళకు నన్నేం చెప్పమంటారు? మా మనిషి తన మార్కుల పట్టికను తనే నమ్మట్లేదనా? పదహారు రోజుల్లో చిప్పు ఫ్యాక్టరీకి వెళ్ళాలి. రిఫరెన్సు లేవట్లేదని ఒక్క కాగితం చూపించండి, నేనే ఆపేస్తాను. అనుమానం చూపించి ఆపమంటే నా వల్ల కాదు."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఇక మిగిలింది నత్త. మొత్తం చిప్పుకు పంతొమ్మిది రోజులు, నిద్ర లేవడం కూడా కలిపితే మరో ఎనిమిది. చేతిలో ఉన్నవి పదహారు. లెక్క రాదని తెలిసినా నత్తనే నమ్ముకుంది. రోజూ ఆఫీసుకు రాగానే బ్యాగు కింద పెట్టకముందే తెర చూసేది. అయిదు శాతం. పదకొండు. ఇరవై నాలుగు. నత్తను తోస్తే నడుస్తుందా, తిడితే నడుస్తుందా? పదహారో రోజున యాభై ఎనిమిది శాతం దగ్గరుంది, రిఫరెన్సు ఇంకా సున్నా మీదే పడుకుని ఉంది. ఆలస్యంగానైనా లేస్తుందో, ఇక లేవదో ఆ గీత చూసి ఎవరూ చెప్పలేరు. ఆ సాయంత్రం చిప్పు బొమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. మర్నాడు నత్త ఉన్న కంప్యూటర్‌ను ఇంకో విభాగానికి ఇచ్చేశారు. అడిగితే, "అందులో ఏదో పాత పని నడుస్తుంటే ఆపేశామండీ, అవసరమైందా?" అన్నారు.

మూడు నెలలకు నిజం చిప్పులు వచ్చాయి. ల్యాబ్ బాబాయి ముప్పై చిప్పుల్ని చలిపెట్టెలో పెట్టి చూశాడు. ముప్పైకి ముప్పై లేచాయి. ఆమె కుర్చీలో కూలబడి నీళ్ళడిగింది. బాబాయి గ్లాసు అందిస్తూ, "సంతోషించడానికేం గానీ అమ్మాయ్, ఇది బల్ల మీది పవర్ సప్లై. పోతులాంటిది. బటన్ బ్యాటరీకి ఇంత సత్తువ ఉండదు" అన్నాడు. ఆ మాట కూడా ఆమె గడువుగారికి చేరవేసింది. "అందుకే కదా మేడం ఇరవై నాలుగు చెవులు" అన్నాడాయన.

అది చలికాలం. ఇరవై నాలుగు మందీ ఆరు వారాలు మిషను పెట్టుకుని, వారం వారం ఫారం నింపారు. అందులో మూడో ప్రశ్న ఆమె పట్టుబట్టి వేయించింది: ఉదయం పెట్టుకోగానే పనిచేస్తోందా? ఇంట్లో తమ్ముణ్ణి మాత్రం అడగలేదు. అక్క అడిగిందని వాడు జవాబు మార్చకూడదని ఆమె పట్టుదల. నూట నలభై నాలుగు ఫారాలు వచ్చాయి. మూడో ప్రశ్న దగ్గర అన్నిటిలోనూ 'అవును' అనే ఉంది. తమ్ముడి ఫారాల్లో అవును పక్కన 'చాలా బాగుంది' అని కూడా ఉంది, అక్షరాలు కుట్టినట్టు నీటుగా. ఆమె వాటిని రెండుసార్లు చదువుకుంది. నా భయమే నాకు శత్రువైందనుకుంది. లక్ష చిప్పులకు ఆర్డరు వెళ్ళింది. ఆ కాగితం మీద ఉన్న అయిదు సంతకాల్లో ఆమెదీ ఒకటి.

ఆ తరవాతి వారం ఒకరోజు ఆఫీసులో తొందరగా పనుండి ఆమె ఆరు కాకముందే కిందికి దిగింది. దుకాణంలో తమ్ముడు ఇస్త్రీబల్ల పక్కన నిలబడి, కుడి గుప్పిట బిగించి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. ఆమె వచ్చింది వాడికి వినపడలేదు. భుజం తట్టింది. వాడు గుప్పిట విప్పాడు. అరచేతిలో మిషను.

వినపడనివాడితో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడాలి. ఎదురుగా నిలబడి అడిగింది. "ఏం చేస్తున్నావురా?"

"వెచ్చబెడుతున్నా. పొద్దున్నే చల్లగా ఉంటే లేవదక్కా. గుప్పిట్లో పెట్టుకుని వంద లెక్కపెడితే చాలు, లేచి కూర్చుంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఫారంలో పెట్టుకోగానే పనిచేస్తోందని రాశావే!"

"పెట్టుకోగానే పనిచేస్తుందిగా. పెట్టుకునే ముందే కదా వెచ్చబెట్టేది." తరవాత ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "చిన్న సంగతే కదక్కా. రాస్తే నీ మీదికి వస్తుందేమోనని... నువ్వు చేసింది కదా."

ఆమె మిషను తీసుకుని తన గుప్పిట్లో పెట్టుకుంది. వంద లెక్కపెట్టింది. లేవలేదు. రెండొందలు లెక్కపెట్టింది. లేవలేదు. తమ్ముడు నవ్వి, ఇస్త్రీపెట్టె పట్టుకుని వేడెక్కిన తన చేతిలోకి దాన్ని తీసుకున్నాడు. ముప్పై దాటకముందే కిచ్‌మని లేచింది.

కక్కలేక మింగలేక అక్కడే స్టూలు మీద కూర్చుంది. తొమ్మిదేళ్ళ కిందట మేలుకున్నట్టే అనుకుందామని తను రాసింది. ఇప్పుడు తమ్ముడూ అదే రాశాడు. తనకు బద్ధకం, వాడికి ప్రేమ. చిప్పుకు ఆ తేడా తెలియదు.

గంటలో గడువుగారి ముందుంది. అంతా చెప్పింది. నా తమ్ముడే సాక్ష్యమంది. ఆయన శ్రద్ధగా విన్నాడు, మధ్యలో ఫోను మోగితే కట్ చేశాడు కూడా. విని, తల పట్టుకున్నాడు.

"సగం చిప్పులు ముందుగానే చేయించి ఉంచాం మేడం. ఇప్పుడు ఆపితే ఏడాది పోతుంది." లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చాడు. వచ్చేసరికి మొహం తేటపడింది. "అయినా, గుప్పిట్లో పెట్టుకుంటే లేస్తోంది అంటున్నారుగా?"

"లేస్తోంది. కానీ..."

"మిషనుతో ఒక కాగితం ఇస్తాం కదా, ఎలా వాడాలో. అందులో ఒక వాక్యం కలుపుదాం."

"సార్, నా చేతుల్లో లేవలేదు. చేతులు చల్లగా ఉండేవాళ్ళు ఏం చెయ్యాలి? ముసలివాళ్ళు?"

"ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా మేడం."

"ఎవరూ లేనివాళ్ళు?"

ఆయన కళ్ళు దించుకుని, "మీ తమ్ముడికి నా తరఫున థాంక్స్ చెప్పండి" అన్నాడు.

ఆమె పైవాళ్ళకు ఉత్తరం రాసింది. అందిందని జవాబొచ్చింది. ఇంకోటి రాసింది. దానికీ అందిందనే వచ్చింది. రాజీనామా కాగితం టైపు చేసి, ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే వచ్చే చిప్పు ఫైలులో మొదటి వాక్యం చెరిపేవాళ్ళు ఎవరని చింపేసింది. పదహారు ఫైళ్ళలోనూ ఆ వాక్యం చెరిపింది. లక్ష చిప్పుల్లో మాత్రం అది అలాగే ఉంది.

చలి తగ్గుతున్న రోజుల్లో అమ్మకానికి వచ్చిన మొదటి పెట్టెల్లోంచి ఒకటి కంపెనీవాళ్ళు తమ్ముడికి బహుమతిగా పంపారు. సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు ముందే మడత విప్పి పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఇలా రా! అయిదో నంబరు చూడు." వేలు పెట్టి గట్టిగా చదివాడు. "చలిగా ఉన్నప్పుడు, ధరించే ముందు పరికరాన్ని అరచేతిలో కొద్దిసేపు ఉంచుకోండి. ఇది నా మాటే! నేను చెప్పిందే అచ్చేశారు!"

"అవునురా. నీ మాటే."

"లోపల నీ చిప్పు, బయట నా మాట. మన ఇద్దరి పేర్లూ వేయాల్సింది."

వాడు కత్తెర తీసుకుని ఆ వాక్యం ఉన్న ముక్కను తిన్నగా కత్తిరించి, కొలతల టేపు వేలాడదీసే మేకు పక్కన గోడకు అతికించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి తల వంచి చూసుకున్నాడు, కొత్తగా కుట్టిన కోటును చూసుకున్నట్టు. ఆ రోజు దుకాణానికి వచ్చిన ముగ్గురికి చూపించాడు. ముగ్గురూ బాగుందన్నారు.

నాలుగో మనిషిగా ఒక పెద్దావిడ వచ్చింది. జాకెట్టు వదులు చేయించుకోవడానికి. ఆవిడ చెవిలోనూ ఏదో పాత మిషను ఉంది. తమ్ముడు గోడ మీది కాగితం చూపించి, కొత్తది కొనుక్కోండి, చాలా బాగుంది, మా అక్కే చేసిందని చెప్పాడు. ఆవిడ స్టూలు మీద కూర్చున్న మోడలమ్మ దగ్గరికి వచ్చి, మెచ్చుకోలుగా ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

ఆ చేతులు ఆమె చేతికన్నా చల్లగా ఉన్నాయి.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని అడిగింది మోడలమ్మ.

"నేనొక్కదాన్నే" అంది ఆవిడ.